‘ప్రిఫరబ్లీ’ బరువెంత? ఇంగ్లిష్‌లో ఇష్టాయిష్టాలు చెప్పే మాటల కథ

ఆదివారం పేపర్లో క్లాసిఫైడ్స్ పేజీ తిరగేస్తే ఒక మాట పదే పదే కంటికి తగులుతుంది. అకౌంటెంట్ కావలెను, బీకాం ప్రిఫరబ్లీ. రెండు గదుల ఇల్లు అద్దెకు, ఫ్యామిలీ ప్రిఫరబ్లీ. వరుడు కావలెను, సాఫ్ట్‌వేర్ ప్రిఫరబ్లీ. లైనుకింత అని డబ్బు కట్టి వేయించే ప్రకటనలో ఆ మాటకు చోటిచ్చారంటే దానికేదో పని ఉండాలి. ఏమిటా పని? బీఎస్సీ చదివిన కుర్రాడు ఆ కొలువుకు దరఖాస్తు పెట్టుకోవచ్చా? బ్రహ్మచారి ఆ ఇంటి తలుపు తట్టవచ్చా? హోటల్ వ్యాపారం చేసుకునే అబ్బాయి తల్లిదండ్రులు ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చా?

చేయవచ్చు. కానీ చాలామంది చేయరు. ఆ మాటను కొందరు ‘తప్పనిసరి’ అని చదువుకుంటారు, కొందరు అసలు లెక్కలోకే తీసుకోరు. రెండూ పొరపాట్లే.

ఇంగ్లిష్‌లో ఇష్టం చెప్పడానికి లైక్, వాంట్, ప్రిఫర్ లాంటి క్రియలు ఉండనే ఉన్నాయి. అయినా రోజువారీ మాటల్లో ‘దీనికన్నా అది’ అనే బరువును ఎక్కువగా మోసేవి చిన్న చిన్న క్రియావిశేషణాలు: రాదర్, సూనర్, బెటర్, ఇన్‌స్టెడ్, ప్రిఫరబ్లీ, ఐడియల్లీ. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే తెలుగువాళ్లు కూడా కాస్త ఆగి, తడుముకుని, ఒక్కోసారి తప్పుదారి పట్టే చోటు ఇది. దీనికి చదువు తక్కువ కావడం కారణం కాదు. ఇష్టాన్ని తెలుగు వాక్యంలో ఒక మూల దాచిపెడుతుంది, ఇంగ్లిష్ ఇంకో మూల. ఒక ఇంటి అలవాటుతో ఇంకో ఇంట్లో చీకట్లో స్విచ్చు వెతికినట్టు ఉంటుంది పరిస్థితి.

తొందర నుంచి ఇష్టం దాకా

‘రాదర్’ అనే మాట పుట్టుకలో ఇష్టం లేదు, వేగం ఉంది. పాత ఇంగ్లిష్‌లో ‘త్వరగా’ అనే అర్థంలో ఒక క్రియావిశేషణం ఉండేది. దాని తులనాత్మక రూపమే ఇది. అంటే మొదట్లో దీని అర్థం ‘మరింత త్వరగా’. మూల రూపమైన ‘రేద్’ తర్వాతి కాలంలో ‘పెందలాడే’ అనే అర్థంలో కవిత్వంలోనూ పల్లెమాటల్లోనూ కొంతకాలం బతికింది. మిల్టన్ 1637లో రాసిన ‘లిసిడాస్’ అనే స్మృతికావ్యంలో, ముందుగా పూసే ఒక పువ్వుకు ఈ విశేషణం తగిలించాడు. తర్వాత మూల రూపం కనుమరుగైంది, అతిశయ రూపమూ పోయింది. ముగ్గురు అన్నదమ్ముల్లో నడిమివాడొక్కడే మిగిలాడు. మిగిలినవాడు ఇంటి పేరు మార్చుకున్నాడు.

త్వరగా అన్నది ఇష్టంగా ఎలా మారింది? రెండు పనులు ఎదురుగా ఉన్నప్పుడు మనసైన పనికి మనిషి ముందు లేస్తాడు. ‘దానికన్నా దీన్ని ముందు చేస్తాను’ అన్నది క్రమంగా ‘దానికన్నా ఇదే నాకు సమ్మతం’ అయింది. ‘సూనర్’ కూడా ఇదే బాటలో నడిచింది. దాని మూలమైన ‘సూన్’ పాత ఇంగ్లిష్‌లో ‘తక్షణం’ అని అర్థం ఇచ్చేది. మనుషులు ‘ఇదిగో, ఇప్పుడే’ అని చెప్పి ఆలస్యం చేసే అలవాటు వల్ల కాబోలు, అది మెల్లగా ‘కాసేపట్లో’కు జారింది. మన ‘ఇప్పుడే వస్తా’కు పట్టిన గతే దానికీ పట్టింది.

ఈ దారి ఇంగ్లిష్ ఒక్కదానిదే కాదు. ఫ్రెంచ్‌లో ‘ప్లుతో’ అంటే ‘అది కాక ఇది’ అని. విడదీస్తే ‘మరింత ముందుగా’. ఇప్పటికీ రెండు అర్థాలకూ ఉచ్చారణ ఒకటే, రాసేటప్పుడు మాత్రం ఒకటి కలిపి, ఒకటి విడగొట్టి రాస్తారు. ఇటాలియన్ ‘ప్యుత్తోస్తో’ కథా అదే.

సూనర్ అనే మాట ఒక రాష్ట్రానికే మారుపేరు అయింది. 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం పన్నెండు గంటలకు అమెరికా ప్రభుత్వం ఓక్లహోమా ప్రాంతంలో, మూలవాసుల నుంచి తీసుకున్న భూముల్ని వలసదారులకు తెరిచింది. గంట కొట్టకముందే దొంగచాటుగా లోపలికి దూరి మంచి ముక్కలు పట్టేసిన వాళ్లను ‘సూనర్స్’ అన్నారు. తిట్టుగా మొదలైన మాట ఇవాళ ఆ రాష్ట్రానికి ముద్దుపేరు, అక్కడి విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుకు బిరుదు. ఇక్కడ సూనర్ తన పాత అర్థంలోనే, ‘ముందుగా’ అనే అర్థంలోనే ఉంది. ఆ ముందుగా దూరడంలో ఆశ ఎంత ఉందో చూస్తే, తొందరకూ ఇష్టానికీ చుట్టరికం ఎక్కడ కలిసిందో తెలుస్తుంది.

రెండో దారి ప్రేమది. పాత ఇంగ్లిష్‌లో ‘లీఫ్’ అంటే ప్రియమైన అని. లవ్, బిలీవ్ అనే మాటలు దీని రక్తబంధువులు. ‘ఫలానా పని చేయడం నాకు ప్రియతరం’ అనడానికి రాదర్ కన్నా ముందు ఇంగ్లిష్ వాళ్లు వాడింది దీన్నే. ఇప్పుడది పాత పుస్తకాల్లో తప్ప వినబడదు. కానీ జర్మన్‌లో దాని తోబుట్టువు రోజూ కాఫీ హోటల్లో వినిపిస్తుంది. టీ కావాలనుకున్న జర్మన్ ‘టీ తాగుతాను’ అనే వాక్యంలో ‘లీబర్’ అనే ఒక్క ముక్క దూర్చుతాడు, అంతే. ఉద్యోగాలకూ చదువులకూ జర్మనీ వెళ్లే తెలుగు పిల్లలు మొదటి నెలల్లోనే నేర్చుకునే మాట అది. ‘గెర్న్, లీబర్, ఆమ్ లీబ్‌స్టెన్’ అని మూడు మెట్లు బట్టీ పట్టిస్తారు: ఇష్టంగా, మరింత ఇష్టంగా, అన్నిటికన్నా ఇష్టంగా.

మూడో దారి చోటుది. ‘ప్రిఫర్’ లాటిన్ నుంచి వచ్చింది, ‘ముందుకు తెచ్చి పెట్టడం’ దాని అక్షరార్థం. ఇక్కడ తెలుగు కూడా జట్టులో చేరుతుంది. ‘అంతకన్నా ఇది మేలు’ అంటాం కదా, ఆ ‘మేలు’ ద్రావిడ మూలంలో ‘పైన’ అనే అర్థమున్న మాట. తమిళంలో ‘మేల్’ అంటే ఇప్పటికీ పైన అనే. ఇంగ్లిష్ వాడు నచ్చినదాన్ని ముందు పెడితే, మనం పైన పెట్టాం. ఇక సంస్కృతం నాలుగో దారి పట్టింది. ‘వరం’ అనే అవ్యయాన్ని ముందు వేసి ‘ఇదే మేలు, అది మాత్రం వద్దు’ అనే వాక్యాలు నీతిగ్రంథాల నిండా ఉన్నాయి. ఆ మాటకు మూలధాతువు ‘ఎంచుకోవడం’. అదే ధాతువు నుంచి వచ్చిన వరాన్ని మనం దేవుణ్ని అడుగుతున్నాం, వరుణ్ని క్లాసిఫైడ్స్‌లో వెతుకుతున్నాం.

జాన్సన్ కోపం

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ చిన్న మాట మీద పెద్ద పేచీ నడిచింది. ‘ఐ హ్యాడ్ రాదర్’ సరైనదా, ‘ఐ వుడ్ రాదర్’ సరైనదా? శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చయిన తన నిఘంటువులో ‘హ్యాడ్ రాదర్’ను అనాగరిక ప్రయోగమనీ, భాషలోకి ఈ మధ్యనే చొరబడిందనీ తీసిపారేశాడు. కోపం ఆయన హక్కే గానీ, చరిత్ర ఆయన పక్షాన లేదు. ఆ ప్రయోగం ఆయనకు కొన్ని వందల ఏళ్ల ముందు నుంచే ఉంది. షేక్‌స్పియర్ నాటకాల్లో ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, 84వ కీర్తనలో, దుష్టుల గుడారాల్లో కాపురం కన్నా దేవుడి గుడి వాకిలి దగ్గర కాపలాయే తనకు సమ్మతమని భక్తుడు చెప్పుకునే చోట ఉన్నది ఈ ‘హ్యాడ్ రాదర్’. తెలుగు బైబిల్ అదే భావాన్ని ‘కంటె’, ‘ఇష్టము’ అనే రెండు మాటలతో తేల్చేసింది. ఇంగ్లిష్ క్రియావిశేషణం పట్టుకున్న చోట, తెలుగు పోలికనూ నామవాచకాన్నీ పట్టుకుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న తేడా అంతా ఆ ఒక్క వాక్యంలో కనిపిస్తుంది.

పేచీ చివరికి తీర్పు లేకుండానే చల్లారింది. మాట్లాడేటప్పుడు హ్యాడ్ అయినా వుడ్ అయినా ‘ఐడ్’ అయిపోతుంది కాబట్టి, ఏది మింగేశారో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇవాళ విడదీసి రాస్తే ‘వుడ్’ రాస్తారు. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి 1985లో తెచ్చిన బృహద్వ్యాకరణం ‘వుడ్ రాదర్’నూ ‘హ్యాడ్ బెటర్’నూ విడగొట్టకుండా, రెండు మాటలూ కలిసి ఒక సహాయక క్రియలా పనిచేసే నుడికారాలుగా లెక్కగట్టింది. నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే సలహా ఇందులోనే ఉంది: రాదర్‌ను ఒంటరిగా నేర్చుకోవద్దు, ‘ఐడ్ రాదర్’ను జంటగా నేర్చుకోవాలి.

ఒక్క అక్షరం తేడా

ఆ జంట విడిపోతే ఏమవుతుందో దగ్గరగా చూడాలి. ఎవరి ఇంటికో భోజనానికి వెళ్లారు. వడ్డించేవారు వంకాయ కూర చూపించి కావాలా అన్నారు. ‘ఐ రాదర్ లైక్ ఇట్’ అంటే ‘నాకిది బాగానే ఇష్టం’. ఇంకో గరిటె పడుతుంది. ‘ఐడ్ రాదర్ హ్యావ్ పప్పు’ అంటే ‘పప్పు వేస్తే చాలు’. వంకాయ గిన్నె పక్కకు పోతుంది. మాట తొందరలో ఆ ‘డ్’ నోట్లోనే ఉండిపోతే ఎదుటివాళ్లకు వాక్యం విరిగినట్టు వినిపిస్తుంది, ఏం చెప్పదలచుకున్నారో ఊహించుకోవాల్సి వస్తుంది. తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో ఈ ‘డ్’ జారిపోవడం చాలా మామూలు. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, చివరి హల్లును నొక్కి ఆపే అలవాటు మన నాలుకకు తక్కువ.

‘ఐడ్ రాదర్’ తర్వాత వచ్చే క్రియకు ఏ తోకా ఉండదు. ‘ఐడ్ రాదర్ వాక్’ అనాలి గానీ ‘టు వాక్’ అనకూడదు, ‘వాకింగ్’ అంతకన్నా కూడదు. పోల్చాల్సి వస్తే ‘దాన్’ పెట్టి రెండో క్రియనూ అలాగే బోడిగా వదలాలి: ‘ఐడ్ రాదర్ వాక్ దాన్ వెయిట్’. వద్దనాలంటే ‘నాట్’ రాదర్ తర్వాత వస్తుంది: ‘ఐడ్ రాదర్ నాట్’. ఇంతవరకూ ఇబ్బంది లేదు.

అసలు చిక్కు వేరేవాళ్లు చేయాల్సిన పని గురించి చెప్పేటప్పుడు. ‘మీరు రేపు వస్తే బాగుంటుంది’ అనడానికి ఇంగ్లిష్ ‘ఐడ్ రాదర్ యూ కేమ్ టుమారో’ అంటుంది. రేపటి పనికి భూతకాలమా అని క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి అడుగుతారు. మాస్టారు ‘అది అంతే, రూల్’ అంటారు. నిజానికి ఆ విడ్డూరం మన ఇంట్లోనే ఉంది. ‘రేపు వాన వచ్చిందనుకో, పెళ్లి పందిరి ఏం కావాలి?’ అంటాం. రేపు రావాల్సిన వాన ‘వచ్చింది’ ఎలా అయింది? ఇంకా జరగనిదాన్ని ఊహలో జరిగినట్టు నిలబెట్టుకోవడానికి తెలుగు కూడా భూతకాలాన్నే అరువు తెచ్చుకుంటుంది. ఈ ఒక్క పోలిక నల్లబల్ల మీద రాస్తే ‘కేమ్’ గురించి మళ్లీ ఎవరూ అడగరు. జరిగిపోయినదాని మీద విచారమైతే ఇంకో మెట్టు వెనక్కి వెళ్లాలి: ‘ఐడ్ రాదర్ యూ హ్యాడంట్ టోల్డ్ హిమ్’. ‘వాడికి చెప్పకుండా ఉండాల్సింది’ అని మనం నిట్టూర్చే చోటు అది.

రాదర్‌కు ఇష్టంతో సంబంధం లేని కొలువులు ఇంకా ఉన్నాయి. ‘రాదర్ కోల్డ్’ అంటే ‘కాస్త ఎక్కువ చలే’ అని. థామ్సన్, మార్టినెట్ రాసిన వ్యాకరణం చదివినవాళ్లకు ఫెయిర్లీకీ రాదర్‌కూ ఉన్న తేడా గుర్తుండే ఉంటుంది: గది ‘ఫెయిర్లీ వార్మ్’ అంటే హాయిగా ఉన్నట్టు, ‘రాదర్ వార్మ్’ అంటే ఉక్కపోస్తున్నట్టు. అదే రాదర్ మంచి మాట ముందు చేరితే ఊహించనంత బాగుందనే మెప్పు అవుతుంది. ‘ఆర్ రాదర్’ అంటే ‘కాదు కాదు, సరిగ్గా చెప్పాలంటే’ అని. ‘కాస్త ఎక్కువ’ అనే అర్థంలో రాదర్‌ను అమెరికన్లకన్నా బ్రిటిష్ వాళ్లే ఎక్కువ వాడతారు. ఒకప్పటి లండన్ పెద్దింటి కుర్రాళ్లు చివరి అక్షరం ఊది ‘రాదర్!’ అంటే ‘అడగాలా, తప్పకుండా!’ అని అర్థం.

‘కంటే’ తెచ్చిన తంటా

పోటీ పరీక్షల్లో తప్పు కనిపెట్టమనే ప్రశ్నల్లో ఒకటి తరాలుగా మారడం లేదు: ‘ఐ ప్రిఫర్ కాఫీ దాన్ టీ’. తప్పు ‘దాన్’లో ఉంది, ‘టు’ ఉండాలి. అందరికీ జవాబు తెలుసు. పరీక్ష హాలు దాటి క్యాంటీన్‌కు వచ్చాక అందరూ మళ్లీ ‘దాన్’ అనే అంటారు.

ఎందుకంటే మన తలలో ‘టీ కంటే’ నడుస్తోంది. తెలుగులో పోలిక ఎక్కడున్నా ‘కంటే’ లేదా ‘కన్నా’ ఉండాల్సిందే, ఆ ‘కంటే’కు ఇంగ్లిష్ జత ‘దాన్’ అని చిన్నప్పుడే అతికించుకున్నాం. ప్రిఫర్ మాత్రం లాటిన్ ఇంటి కోడలు, పుట్టింటి పద్ధతి వదలదు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ కూడా ఆ ఇంటివే, అవన్నీ ‘టు’నే కోరతాయి. మన బడుల్లో అట్టలు ఊడేదాకా నలిగిన ‘రెన్ అండ్ మార్టిన్’ ఈ జాబితాను పిల్లలచేత వల్లె వేయించింది. అన్నట్టు ఆ రెన్, 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్న పి.సి. రెన్ గారే.

రెండు పనుల మధ్య ఎంపిక అయితే ప్రిఫర్‌కు రెండు దారులు. ‘ఐ ప్రిఫర్ వాకింగ్ టు రన్నింగ్’ ఒకటి. ‘ఐ ప్రిఫర్ టు వాక్ రాదర్ దాన్ రన్’ ఇంకొకటి. రెండో దానిలో ‘టు’ ముందే ఒకసారి వాడేశారు కాబట్టి, మళ్లీ తగిలిస్తే గందరగోళం అవుతుందని రాదర్ దాన్‌ను సాయం పిలిచారు. ఇంకో సున్నితమైన తేడా: ‘ఐ ప్రిఫర్’ అంటే ఎప్పుడూ ఉండే అలవాటు, ‘ఐడ్ ప్రిఫర్’ అంటే ఈ పూటకు కోరిక. ఏళ్ల తరబడి కాఫీ తాగే మనిషి కూడా గొంతు బాగోలేని రోజు ‘ఐడ్ ప్రిఫర్ టీ’ అనవచ్చు.

‘మోర్ ప్రిఫరబుల్’ అనేది మరో జారుడు మెట్టు. ప్రిఫరబుల్‌లోనే ‘ఎక్కువ ఇష్టమైన’ అనే పోలిక ఉంది, మళ్లీ మోర్ ఎందుకు? నవ్వుకునే ముందు మన పేపర్లు కూడా చూసుకోవాలి. ప్రధానం నుంచి వచ్చిన భావవాచకం ప్రాధాన్యం. దానికి ఇంకో ‘త’ తగిలించి ‘ప్రాధాన్యత’ అంటున్నాం. ఒక గొడుగు మీద ఇంకో గొడుగు. పండితులు వద్దన్నా ఆ మాట పాతుకుపోయింది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు వస్తే ఊరంతా ‘మొదటి ప్రాధాన్యత ఓటు’ అనే అంటుంది. 2021 మార్చిలో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేస్తే, పేపరంత బ్యాలెట్ మీద ఓటరు తన ఇష్టాన్ని 1, 2, 3 అని అంకెల్లో రాయాల్సి వచ్చింది. ఇష్టానికి వరస ఉంటుందని చట్టం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ప్రతి ఇంట్లోనూ జరిగేదీ అదే.

మళ్లీ ఆ ప్రకటన దగ్గరికి

ఇప్పుడు ప్రిఫరబ్లీకి వద్దాం. వాక్యంలో దాని చోటు మారితే బరువు మారుతుంది. విజయవాడలో డెలివరీ మనిషి కావాలనుకున్న యజమాని రెండు రకాలుగా రాయవచ్చు. ‘సమ్‌వన్ ఫ్రమ్ విజయవాడ, ప్రిఫరబ్లీ విత్ ఎ బైక్’ అంటే విజయవాడ వాడై తీరాలి, బైక్ ఉంటే సంతోషం. ‘ప్రిఫరబ్లీ సమ్‌వన్ ఫ్రమ్ విజయవాడ, విత్ ఎ బైక్’ అంటే గుంటూరు వాడైనా సర్దుకుంటాం, బైక్ మాత్రం ఉండాల్సిందే. మాటలు అవే, ఉద్యోగం దొరికే మనిషి వేరు. ఈ క్రియావిశేషణం ఏ ముక్క ముందు నిలబడితే ఆ ముక్కను మెత్తబరుస్తుంది. ప్రకటన చదివేవాళ్లు చూడాల్సింది ఆ చోటునే.

పేటెంట్ల లోకంలో ఈ మెత్తదనం లక్షల ఖరీదు చేస్తుంది. ఒక ఆవిష్కరణ మీద హక్కు కోరుతూ రాసే క్లెయిముల్లో ‘ప్రిఫరబ్లీ’ అని పడితే, ఆ తర్వాత రాసిన అంశం ఐచ్ఛికమేననీ, హక్కు పరిధిని అది కుదించదనీ యూరోపియన్ పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాలు చెబుతాయి. లోహపు గొట్టం, ప్రిఫరబ్లీ రాగిది అని రాస్తే, చట్టం కళ్లకు అది ఏ లోహపు గొట్టమైనా సరే. అందుకే పేటెంట్లు రాసేవాళ్లు ఈ మాటను వర్ణనలో ధారాళంగా వాడినా, క్లెయిముల్లో ఆచితూచి వాడతారు.

కంప్యూటర్ ఇంజనీర్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ‘మస్ట్’ అంటే ఏమిటి, ‘షుడ్’ అంటే ఏమిటి, ‘మే’ అంటే ఏమిటి అని 1997 మార్చిలో ఒక చిన్న పత్రంలో నిర్వచించి పెట్టుకున్నారు. ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఆ పత్రం హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వీధుల్లో చాలామందికి తెలుసు. షుడ్ అంటే సరైన కారణం ఉంటే వదిలేయవచ్చు, కానీ పర్యవసానం తెలుసుకుని వదలాలి. ప్రిఫరబ్లీకి అంతకన్నా మంచి వివరణ దొరకడం కష్టం. యూపీఎస్సీ నోటిఫికేషన్లలో ‘ఎసెన్షియల్’, ‘డిజైరబుల్’ అని అర్హతలను రెండు గళ్లలో వేసేదీ ఈ గొడవ లేకుండా ఉండటానికే.

ఐడియల్లీ దీని చెల్లెలు, కాస్త నిరాశ గల చెల్లెలు. ‘ప్రిఫరబ్లీ బై ఫ్రైడే’ అంటే శుక్రవారానికైతే మంచిది, అవుతుందనే నమ్మకం ఉంది. ‘ఐడియల్లీ బై ఫ్రైడే’ అంటే అసలైతే శుక్రవారానికే కావాలి, కానీ మీ సంగతి నాకు తెలుసులే అనే ధ్వని వినిపిస్తుంది. ఇలా వాక్యం మొత్తానికీ వక్త మనసు అద్దే క్రియావిశేషణాల మీద ఇంగ్లిష్ పండితులు చాలాకాలం కత్తులు దూశారు. ముఖ్యంగా ‘హోప్‌ఫుల్లీ’ని ‘ఆశాభావంతో’ అనే పాత అర్థంలో తప్ప, ‘అలా జరుగుతుందని ఆశ’ అనే అర్థంలో వాడకూడదని పట్టుబట్టారు. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ తన స్టైల్‌బుక్‌లో దాన్ని ఒప్పేసుకోవడంతో ఆ కోట కూలింది. ప్రిఫరబ్లీ మీద మాత్రం ఎవరూ అంత దండయాత్ర చేయలేదు.

మెత్తగా చెప్పే ‘కుదరదు’

ఈ మాటల్లో మర్యాద కూడా దాగుంది, దాన్ని పోల్చుకోకపోతే ఆఫీసులో దెబ్బ తగులుతుంది. లండన్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మేనేజర్ ‘ఐడ్ రాదర్ యూ డిడంట్’ అన్నాడనుకోండి. ‘నాకు అంతగా ఇష్టం లేదు గానీ నీ ఇష్టం’ అని తెలుగు చెవికి వినిపిస్తుంది. ఆయన ఉద్దేశం ‘చేయొద్దు’ అని. అలాగే ‘ఐడ్ రాదర్ నాట్ సే’ అంటే ఇక అడగొద్దు అని. ఇష్టాన్ని ముందు పెట్టి ఆజ్ఞను వెనక దాచడం ఇంగ్లిష్ పద్ధతి. హెర్మన్ మెల్విల్ 1853లో రాసిన ‘బార్టిల్‌బీ’ కథంతా ఈ మెత్తటి నిరాకరణ మీదే నడుస్తుంది. వాల్ స్ట్రీట్ లాయరు ఆఫీసులోని ఆ గుమాస్తా ఏ పని చెప్పినా ‘చేయను’ అనడు, ప్రిఫర్ అనే క్రియను అడ్డం పెడతాడు. పాపం, యజమానికి ఆ మర్యాదను ఎలా ఎదుర్కోవాలో కథ చివరి దాకా తెలియదు.

మనకూ ఈ విద్య తెలియనిది కాదు. మన పనిముట్లు వేరు. ‘కాఫీ తీసుకుంటారా, టీ తీసుకుంటారా?’ అంటే ‘ఎందుకండీ శ్రమ’ అంటాం. రెండోసారి అడిగితే ‘ఏదైనా పర్లేదండీ’. మూడోసారి ‘టీ అయితే...’ అని వాక్యాన్ని అక్కడే వదిలేస్తాం. ఆ ‘అయితే’ ఒక్కటీ ఇంగ్లిష్ రాదర్ చేసే పనంతా చేస్తుంది. ‘టీయే ఇవ్వండి’ అనే ఏకారం ఇంకాస్త గట్టిది. పంతం వస్తే ‘పస్తైనా ఉంటాను గానీ వాడి గుమ్మం తొక్కను’ అంటాం. ఇంగ్లిష్ వాడు ‘ఐడ్ సూనర్ స్టార్వ్’ అని మొదలుపెట్టే వాక్యానికి అచ్చంగా సరిపోయే జోడు ఇది. రెండిట్లోనూ కష్టమైన దారి ముందు, అసహ్యమైన దారి వెనక. ‘కంటే నయం’ కొంచెం చప్పబడ్డ సర్దుబాటు, ‘గుడ్డి కన్నా మెల్ల మేలు’ లాంటిది. ‘బదులు’ ఇన్‌స్టెడ్‌కు సరిజోడు. ఇన్‌స్టెడ్‌లోని ‘స్టెడ్’ అంటే పాత ఇంగ్లిష్‌లో చోటు, అంటే దాని చోటులో ఇది.

అప్పుగా తెచ్చుకున్నవీ తక్కువ లేవు. ‘వెళ్లకపోవడమే బెటర్’ అనని తెలుగు ఇల్లు లేదు. ఆ బెటర్‌ను తిరిగి ఇంగ్లిష్‌లోకి ‘బెటర్ యూ గో’ అని పంపిస్తాం. ఇంగ్లిష్ ఇంట్లో దాన్ని ‘యూ హ్యాడ్ బెటర్ గో’ అంటారు, అందులో ఇష్టం కన్నా హెచ్చరిక పాలు ఎక్కువ: వెళ్లకపోతే నీకే నష్టం అని. పెద్దవాళ్లతో, పై అధికారులతో అంటే కటువుగా ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీలో అదే చోట ‘బెహతర్’ వినిపిస్తుంది. బెటర్‌తో శబ్దం కలిసినా చుట్టరికం లేదు, అది పారశీక ‘బెహ్’కు తులనాత్మక రూపం. ఇక ‘నేను ట్రైన్ ప్రిఫర్ చేస్తా’ అనే తెలుగు వాక్యంలో ‘టు’, ‘దాన్’ పేచీయే లేదు. ‘బస్సు కంటే’ అని మన విభక్తి మనమే వేసుకుంటాం.

ఇన్ని మాటలూ ఒకే పలకలో రాసి పిల్లలకు ఇస్తే ఏమీ అంటదు. ముందు ‘ఐడ్ రాదర్’ ఒక్కటీ, చివరి ‘డ్’ వినబడేలా, నోటికి అలవాటు చేయాలి. తర్వాత ‘ప్రిఫర్ టు’. ఆ తర్వాత, ‘వచ్చిందనుకో’ను పక్కన పెట్టుకుని, ‘ఐడ్ రాదర్ యూ కేమ్’. ప్రిఫరబ్లీ, ఐడియల్లీ చదవడానికీ రాయడానికీ వస్తే చాలు. సూనర్ వింటే అర్థమైతే చాలు, లీఫ్ తెలియకపోయినా ఏ ఇంటర్వ్యూలోనూ నష్టం లేదు. విదేశీ చదువుల కోసం రాసే ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మీకు ఊరిష్టమా, నగరం ఇష్టమా అనే తరహా ప్రశ్న అందులో కొత్తేమీ కాదు. ‘ఐ లైక్ విలేజ్’ అని ఆగిపోయే అభ్యర్థికీ, ‘ఐడ్ రాదర్ లివ్ ఇన్ ఎ విలేజ్ దాన్...’ అని సాగే అభ్యర్థికీ మధ్య ఉన్నది ఈ ఒక్క మెట్టే.

ఇక ఆ బీఎస్సీ కుర్రాడి సంగతి. ప్రకటనలో ‘మస్ట్’ అనో ‘ఎసెన్షియల్’ అనో లేదు, ‘ప్రిఫరబ్లీ’ అని ఉంది. బీకాం వాళ్లు వస్తే వాళ్లది పైచేయి కావచ్చు. లెక్కలు రాయడం వస్తే మాత్రం అతను దరఖాస్తు పెట్టుకోవాలి, సోమవారం పొద్దున్నే పెట్టుకోవాలి.